గుండ్రంగా కూర్చుంటే గ్రూప్ కౌన్సెలింగ్ అయిపోదు

ఈసారి చాలా ఉత్తరాలు గ్రూప్ కౌన్సెలింగ్ మీదే వచ్చాయి, అంటే ఒకే రకం ఇబ్బంది ఉన్న కొద్దిమందిని కలిపి కూర్చోబెట్టి, శిక్షణ ఉన్న మనిషి మాట్లాడించడం మీద. ఇటు ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి, బరంపురం నుంచి, అటు మహారాష్ట్రలోని సిరొంచ, ధర్మాబాద్ నుంచి టీచర్లు, ఆరోగ్య కార్యకర్తలు, పొదుపు సంఘాల మహిళలు రాశారు. ఒకే సందేహం ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా కాలనీలో తాగుడు మానాలనుకునేవాళ్ళు పదిహేనుమంది దాకా ఉన్నారు. కొందరు పేపరు మిల్లులో షిఫ్టు పనివాళ్ళు, కొందరు ఆటోవాళ్ళు. నేను కౌన్సెలింగ్‌లో డిప్లొమా చేశాను. అందర్నీ ఆదివారం ఒకచోట కూర్చోబెడదామనుకుంటున్నాను. ఎలా మొదలుపెట్టమంటారు? – ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: పదిహేనుమందిని ఒకేసారి కూర్చోబెడితే అది మీటింగు అవుతుంది. మీరు మాట్లాడతారు, వాళ్ళు తలలూపుతారు, టీ తాగి వెళ్ళిపోతారు. పెద్దవాళ్ళ గ్రూపులో ఆరు నుంచి పది మంది ఉండాలి, ఎనిమిది బాగా కుదిరే లెక్క. మొదటి రెండు మూడు వారాల్లో ఒకరిద్దరు జారిపోవడం మామూలే కాబట్టి పదిమందితో మొదలుపెట్టండి. మిగిలినవాళ్ళకి తర్వాత రెండో గ్రూపు పెట్టుకోవచ్చు.

అయితే కుర్చీలు వేయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఒక్కొక్కరితో విడిగా అరగంట మాట్లాడండి. ఎంత తాగుతున్నారు, చివరిసారి ఎప్పుడు తాగారు, మానినప్పుడు ఏమైంది అని అడగండి. రోజూ పొద్దున్నే చుక్క పడందే చేతులు వణికేవాళ్ళు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. వణుకు, చెమటలు కొద్ది గంటల్లోనే మొదలవుతాయి. మూర్ఛలు సాధారణంగా మొదటి రెండు రోజుల్లో రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు మతి భ్రమించి, లేనివి కనిపించే స్థితి రావచ్చు. అలాంటివాళ్ళని ముందు ఆసుపత్రికి పంపి, ఒళ్ళు కుదుటపడ్డాకే గ్రూపులోకి తీసుకోండి. మన ప్రాంతంలో ‘దేవుడి మీద ఒట్టు వేయించి మాన్పించాం’ అని గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఒట్టు మూర్ఛల్ని ఆపదు.

ఆ అరగంటలోనే ఇంకో సంగతి కూడా తేల్చుకోండి. చచ్చిపోవాలని ఇప్పుడు ఆలోచిస్తున్నవాళ్ళకి, లేని గొంతులు వినిపించేవాళ్ళకి ముందు విడిగా వైద్యం కావాలి. అన్నదమ్ముల్ని, అప్పిచ్చినవాణ్ణీ తీసుకున్నవాణ్ణీ, సూపర్‌వైజర్నీ అతని కింద పనిచేసేవాణ్ణీ ఒకే గ్రూపులో వేయకండి. ఎదురుగా బాకీ ఇవ్వాల్సినవాడు కూర్చుంటే, జీతం డబ్బు ఎక్కడ తగలేశాడో ఎవరు చెబుతారు?

చోటు విషయానికొస్తే, పంచాయితీ ఆఫీసు, గుడి అరుగు వద్దు. అక్కడ కూర్చోగానే మనిషికి తీర్పు గుర్తొస్తుంది. తలుపు వేసుకునే వీలున్న బడి గది చాలు. మధ్యలో బల్ల లేకుండా అందరికీ ఒకే ఎత్తు కుర్చీలు వేయండి, లేదంటే అందరూ చాప మీదే కూర్చోండి. మీకొక్కరికి కుర్చీ, వాళ్ళకి చాప మాత్రం వేయకండి. తోడుగా ఇంకో నిర్వాహకుడు ఉంటే మంచిది. ఇద్దరూ పక్కపక్కన కాకుండా ఎదురెదురుగా కూర్చోండి. మీ పక్కన కూర్చున్నవాడి ముఖం మీకు కనిపించదు, అవతలివారికి కనిపిస్తుంది.

వారానికోసారి, గంటన్నర, పన్నెండు వారాలు. ముందుగానే తేదీలు రాసి ఇవ్వండి. షిఫ్టులు మారేవాళ్ళుంటే ఏ వారం ఎవరు రాలేరో మొదట్లోనే లెక్క చూసుకోండి. గంటన్నరలో మొదటి పది నిమిషాలు చుట్టు తిప్పండి, అంటే ‘ఈ వారం ఎలా గడిచింది’ అని ఒక్కొక్కరూ రెండు మూడు మాటలు చెప్పాలి. గంటపాటు అసలు పని. చివరి ఇరవై నిమిషాలు ముగింపుకి: ఇవాళ ఏం పట్టుకెళ్తున్నారు, వచ్చే వారం లోపు ఏం చేసి చూస్తారు. ఈ చివరి ఇరవై నిమిషాలని తినేసే గ్రూపులే ఎక్కువ. ఒకాయన ఏడుస్తుండగా టైమైపోయి, అలాగే బయటికి పంపితే ఆ రాత్రి అతను ఎక్కడికి వెళ్తాడో మీకు తెలుసు.

తాగి వచ్చినవాణ్ణి ఏం చేయాలని అడగలేదు గానీ, అది జరిగి తీరుతుంది. మొదటి రోజే అందరిచేతా ఒప్పించుకోండి: తాగిన రోజు కూర్చోకూడదు, వచ్చే వారం తప్పకుండా రావాలి. అలా వచ్చినప్పుడు రెండో నిర్వాహకుడు బయటికి తీసుకెళ్ళి, మర్యాదగా మాట్లాడి, ఎవరినైనా తోడిచ్చి ఇంటికి పంపాలి. అందరి ముందూ చీవాట్లు పెడితే అతను మళ్ళీ రాడు. మిగిలినవాళ్ళు మళ్ళీ తాగినా మీతో చెప్పరు.

ప్రశ్న: ఇది ఆల్కహాలిక్స్ అనానిమస్ లాంటిదేనా? – రాయగడ నుంచే మరొకరు

జవాబు: కాదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో పుట్టింది. అక్కడ కౌన్సెలర్ ఉండడు. తాగుడు మానినవాళ్ళూ మానాలనుకునేవాళ్ళూ తమలో తామే నడుపుకుంటారు. ఎవరైనా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. గ్రూప్ కౌన్సెలింగ్‌ని శిక్షణ ఉన్న మనిషి నడుపుతాడు. సభ్యుల్ని ఎంచుకుంటాడు, ముగింపు తేదీ ఉంటుంది. రెండూ కలిపి వాడుకునేవాళ్ళు చాలామంది, తప్పేం లేదు. గ్రూపు పన్నెండు వారాలకి ముగిసిపోయాక ఆ సభలు ఆసరాగా ఉంటాయి.

ప్రశ్న: తాగుడు మానాలనుకునేవాళ్ళతో నడుపుతున్న మా గ్రూపులో ఒక పెద్దాయన ఉన్నారు. నోరు తెరిస్తే ఇరవై నిమిషాలు. వయసులో పెద్ద, ఆపలేకపోతున్నాం. ఇద్దరు కుర్రాళ్ళు నాలుగు వారాలుగా నోరే విప్పలేదు. – ఆరోగ్య కార్యకర్త, బరంపురం

జవాబు: ఆపడం అమర్యాద అనుకుంటున్నారు. నిజానికి ఆయన్ని ఆపకపోతేనే మర్యాద పోతుంది. మిగిలినవాళ్ళు కళ్ళు దించుకుంటారు, లేదంటే గోడ గడియారం చూస్తుంటారు, అది ఆయనకీ తెలుస్తుంది, తెలిసి ఇంకా గట్టిగా మాట్లాడతారు. మాట్లాడుతున్నవాడు ఊపిరి తీసుకునే చోట చేయి కొంచెం ముందుకి చాపి, ముఖం ఆయన వైపే ఉంచి ఇలా అనండి: “మావయ్యా, ఒక్క నిమిషం. కొడుకు మీతో మాట్లాడడం మానేశాడన్నారు చూడండి, ఆ మాట దగ్గర ఆగుదాం. ఇక్కడ ఇంకెవరింట్లోనైనా ఇలా జరిగిందా?” ఆయన చెప్పిన ఇరవై నిమిషాల్లో అసలు బాధ ఎక్కడుందో పట్టుకుని, దాన్ని ఇంకొకరికి అందించారన్నమాట. ఆయన్ని తోసేసినట్టూ ఉండదు. ఇలా ఒకరి మాటని ఇంకొకరితో ముడివేయడమే గ్రూపు నడిపేవాడి ముఖ్యమైన పని. వరుసలు కూడా పాటించండి. మావయ్యా, బాబాయ్ అని ఊళ్ళో పిలిచేవాణ్ణి గ్రూపులో పేరు పెట్టి పిలిస్తే ఆయన అక్కడే బిగుసుకుంటారు.

మీరు రాసిన తీరు చూస్తే ప్రతి మాటా మీ వైపే వస్తున్నట్టుంది. ఒకరు చెబుతారు, మీరు జవాబిస్తారు, ఇంకొకరు చెబుతారు, మళ్ళీ మీరే. అది పదిమంది చూస్తుండగా ఒక్కొక్కరికి చేసే విడి కౌన్సెలింగే. ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. కాగితం మీద గుండ్రంగా పేర్ల మొదటి అక్షరాలు రాసి, రెండో నిర్వాహకుడి చేత పది నిమిషాలపాటు ఎవరి మాట ఎవరి వైపు పోయిందో గీతలు గీయించండి. గీతలన్నీ మీ దగ్గరే కలుస్తుంటే మీరు ఎక్కువ మాట్లాడుతున్నట్టే. అప్పుడు ఎవరైనా మీ వంక చూసి చెబుతుంటే, అతను చెబుతున్న విషయం ఎవరికి సంబంధించిందో వాళ్ళ వైపు చూడండి. మాట్లాడేవాడి చూపు మీ చూపు వెంట అటు తిరుగుతుంది.

మౌనంగా ఉన్నవాళ్ళ వైపు ఒక్కసారిగా అందరి చూపూ తిప్పకండి. “నువ్వేం మాట్లాడవేం?” అంటే ఇంకా ముడుచుకుంటారు. అందరికీ కలిపి ఒక చుట్టు పెట్టండి: ‘ఈ వారం తాగాలన్న కోరిక ఒకటి నుంచి పది దాకా ఎంత?’ అంకె చెప్పడం ఎవరికీ కష్టం కాదు. కుర్రాడు ఎనిమిది అంటే, “ఎనిమిది, అయినా తాగకుండా వచ్చావు. ఎలా?” అని అడగండి. అలా కాకుంటే మొదట జంటలుగా అయిదు నిమిషాలు మాట్లాడుకోనిచ్చి, తర్వాత అందరి ముందుకీ తేవొచ్చు. తెలుగు, ఒడియా కలిసిన గ్రూపుల్లో ఈ మౌనానికి భాష కూడా ఒక కారణం. ఎవరి భాషలో వాళ్ళు చెప్పొచ్చని మొదటి రోజే అనండి. కోపం, ఏడుపు ఎవరికైనా అమ్మ భాషలోనే వస్తాయి.

ప్రశ్న: మా మహిళా సంఘంలో పదకొండుమందిమి. పొదుపు మీటింగు అయ్యాక కష్టసుఖాలు చెప్పుకోవడం మొదలుపెట్టాం. ఒకామె భర్త కొట్టిన సంగతి చెప్పింది. మూడో రోజుకి ఆమె అత్తకి తెలిసిపోయింది. ఇప్పుడు ఎవరూ నోరు విప్పట్లేదు. – సంఘ సభ్యురాలు, పర్లాకిమిడి

జవాబు: ముందు ఆమె సంగతి చూడండి. మాట బయటికి పోయాక ఇంట్లో ఆమెకి ప్రమాదం పెరిగి ఉండొచ్చు. ఒంటరిగా కలిసి, ఇప్పుడు ఎలా ఉందో, రాత్రిపూట వెళ్ళడానికి ఎవరిల్లు ఉందో అడగండి. మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఆమెకి నోటికి వచ్చేలా చెప్పండి, ఫోనులో సేవ్ చేయించకండి. భర్తని పిలిపించి అందరి ముందూ రాజీ కుదర్చాలని మాత్రం చూడకండి. దెబ్బలున్న ఇంట్లో మొగుడూ పెళ్ళాల్ని ఒకే గ్రూపులో కూర్చోబెట్టకూడదు. ఆమె అక్కడ ఏం మాట్లాడిందో దానికి ఇంటికెళ్ళాక బదులు చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇక జరిగింది ఎందుకు జరిగిందంటే, పొదుపు మీటింగుకి ఉన్న కట్టుబాటు వేరు. అందులో అప్పుల లెక్క అందరికీ తెలియాలి, తెలియడమే దాని బలం. అదే చాప మీద, అదే గంటలో, ‘ఇది మాత్రం బయటికి పోకూడదు’ అంటే మనసు ఆ తేడా పట్టుకోలేదు. పైగా రుణం మంజూరు చేసే అధ్యక్షురాలి ముందు ఇంటి గుట్టు చెప్పుకోవడం ఎవరికైనా ఇరకాటమే. కాబట్టి వేరే రోజు, వేరే చోటు, ఇష్టమున్నవాళ్ళతోనే పెట్టుకోండి. లెక్కలు చూసే మనిషి నడపకూడదు.

గోప్యత గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ చికిత్స చేసేవాళ్ళ మీద గోప్యత బాధ్యత పెట్టింది. గ్రూపు సభ్యుల్ని అది కట్టదు. అందువల్ల ‘ఇక్కడి మాట ఇక్కడే’ అని మీరు హామీ ఇవ్వలేరు, ఇవ్వకూడదు కూడా. ‘నేను చెప్పను. మిగిలినవాళ్ళు చెప్పకుండా ఉండాలని అడుగుతాను. పూర్తి పూచీ లేదు, కాబట్టి ఎంత చెప్పాలో మీరే చూసుకోండి’ అనడం నిజాయితీ. ‘గుట్టు దాచండి’ అని ఊరికే అంటే చాలదు. ఊళ్ళో ఎలా బయటపడుతుందో విడమరచి చెప్పండి: బావి దగ్గర ‘పాపం దాని బతుకు’ అని పేరు చెప్పకుండా నిట్టూర్చినా పోయినట్టే, సంతలో ఎదురుపడి ‘ఇప్పుడెలా ఉంది?’ అని అడిగినా పోయినట్టే. నీ మాట నువ్వు ఎవరికైనా చెప్పుకోవచ్చు, ఇంకొకరి మాట మాత్రం మొగుడికి కూడా చెప్పకూడదు. ఎవరి ప్రాణానికైనా ముప్పున్నప్పుడూ, పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిసినప్పుడూ ఈ గోప్యత వర్తించదని కూడా మొదటి రోజే చెప్పాలి.

మాట బయటికి చేర్చినదెవరో కనిపెట్టే విచారణ పెట్టకండి. తర్వాతి సమావేశంలో ‘మాట బయటికి పోయింది. అది విన్నాక మీకు ఏమనిపించింది?’ అని ఒక చుట్టు తిప్పండి. చాలాసార్లు బయట చెప్పినావిడే ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోయినా తనూ వింటుంది.

ప్రశ్న: ఆశ్రమ పాఠశాల హాస్టల్‌లో పదో తరగతి ఆడపిల్లలకి పరీక్షల భయం. ఇద్దరు రాత్రిళ్ళు నిద్రపోవట్లేదు. ఇళ్ళలో తెలుగు, గోండి, బడిలో మరాఠీ. గ్రూపు పెట్టమని హెచ్‌ఎం అన్నారు. నేనే వార్డెన్‌ని. – సిరొంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: గ్రూపు పెట్టండి, మీరు మాత్రం నడపకండి. సెలవు ఇచ్చేదీ, శిక్ష వేసేదీ మీరే అయినప్పుడు పిల్లలు మీకు నచ్చే మాటలే చెబుతారు. ఆరోగ్య కేంద్రం నుంచో పక్క బడి నుంచో శిక్షణ ఉన్న మహిళని పిలవండి, గోండి తెలిసిన ఒకరిని తోడుంచండి. ఆరుగురు నుంచి ఎనిమిదిమంది, నలభై అయిదు నిమిషాలు, వారానికోసారి, ఆరు వారాలు సరిపోతుంది. తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి, పిల్లల్ని కూడా విడిగా అడగండి. రానన్న పిల్లని బలవంతపెట్టకూడదు. నిద్రపోని ఆ ఇద్దరితో ముందు ఒంటరిగా మాట్లాడించండి. పరీక్ష భయమని మనం పేరు పెట్టినదాని వెనక ఇంకేదో ఉండొచ్చు.

ఈ వయసు పిల్లలకి ‘నీ భయం చెప్పు’ అంటే రాదు. చేతికి పని ఇవ్వాలి. పేరు లేని చీటీల మీద ఒక్కో భయం రాసి డబ్బాలో వేయమనండి, బొమ్మ గీసినా సరే. నడిపేవాళ్ళు ఒక్కొక్కటీ చదివి ‘ఇది ఎవరెవరికి ఉంది?’ అంటే చేతులు లేస్తాయి. ‘ఫెయిలైతే పెళ్ళి చేసేస్తారు’ అన్న చీటీకి నాలుగు చేతులు లేచాయంటే ఆ రోజు పని అయినట్టే. నా ఒక్కదానికే కాదన్న తెలివిడిని గ్రూప్ థెరపీ మీద పెద్ద పేరున్న అమెరికన్ వైద్యుడు ఇర్విన్ యాలమ్ తన పదకొండు మేలు చేసే అంశాల్లో ఒకటిగా లెక్కపెట్టారు. రెండో వారం నుంచి ఊపిరి సాధన పెట్టండి: నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, ఆరు లెక్కపెడుతూ వదలడం, అయిదు నిమిషాలు. తల తిరిగినట్టుంటే మామూలుగా ఊపిరి తీసుకోమనాలి.

ఏ పిల్ల అయినా లైంగిక వేధింపు సంగతి చెబితే గ్రూపులో వివరాలు తవ్వొద్దు. మాట మెల్లగా ఆపి, అయ్యాక ఒంటరిగా వినాలి. పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి తెలియజేయడం తప్పనిసరి. బడి పరువు అడ్డుపెట్టి ఆపినవాళ్ళకి శిక్ష ఉంది. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ప్రశ్న: తాగుడు మానాలనుకునేవాళ్ళతో పెట్టిన గ్రూపు మొదటి మూడు వారాలు బాగా నడిచింది. నాలుగో వారం ఇద్దరు తిట్టుకున్నారు, ఒకతను ‘నీకేం తెలుసు’ అని నన్నే అన్నాడు. మానేయమంటారా? – ధర్మాబాద్

జవాబు: ఇప్పుడే మొదలైంది, మానేయడమేంటి! అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త బ్రూస్ టక్‌మన్ 1965లో చిన్న గ్రూపుల మీద వచ్చిన పరిశోధనల్ని సమీక్షించి నాలుగు దశలు చెప్పారు: కూడడం, పెనుగులాట, కట్టుబాట్లు కుదరడం, పని జరగడం. 1977లో మేరీ ఆన్ జెన్సెన్‌తో కలిసి విడిపోవడాన్ని అయిదో దశగా చేర్చారు. మొదటి మూడు వారాలు బాగుందంటే అందరూ పెళ్ళివారిలా మర్యాదగా ఉన్నారని అర్థం. ఇప్పటి గొడవ ఆ రెండో దశ, పెనుగులాట. వారాల లెక్క అన్ని గ్రూపులకీ ఒకేలా ఉండదు, వెనక్కి జారడమూ ఉంటుంది.

‘నీకేం తెలుసు’ అన్నవాడికి మీ చదువు, అనుభవం ఏకరువు పెట్టకండి. “నేను తాగి ఎరగను, నిజమే. నాకు అర్థం కాదని అనిపిస్తోందా? ఇంకెవరికైనా అలా ఉందా?” అనండి. మీ మీద కోపం చెప్పినా ఇక్కడేమీ కాదని అందరూ చూస్తారు. తిట్టుకున్న ఇద్దరి విషయంలో మాత్రం గీత దాటనివ్వొద్దు. కోపం చెప్పొచ్చు, కులం, ఆడవాళ్ళు, శరీరం మీద మాట జారితే వెంటనే ఆపాలి. ‘నువ్వు ఎప్పుడూ ఇంతే’ అన్నవాణ్ణి ‘నువ్వు అలా అన్నప్పుడు నాకు ఇలా అనిపించింది’ అని మళ్ళీ చెప్పించండి. మొదట నవ్వుతారు, నాటకం డైలాగులా ఉంటుంది కూడా. రెండు మూడు వారాలకి అలవాటవుతుంది.

ప్రశ్న: ఊళ్ళో ప్రమాదం జరిగింది, కుర్రాళ్ళు పోయారు. చూసినవాళ్ళందరినీ మర్నాడే కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించమని ఒకరు సలహా ఇచ్చారు. మంచిదేనా? – పేరు వద్దన్నారు, గంజాం జిల్లా

జవాబు: వద్దు. అలా ఒక్కసారి కూర్చోబెట్టి అందరిచేతా తిరిగి చెప్పించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయడం లేదు. కొందరికి అది మేలు చేయకపోగా గాయాన్ని రేపుతుంది. ఈ రోజుల్లో కావాల్సింది తిండి, నిద్ర, అయినవాళ్ళ తోడు, నిజమైన సమాచారం. చెప్పుకోవాలనుకున్నవాడు చెబితే వినండి, అడిగి చెప్పించకండి. కొన్ని వారాలు గడిచినా పీడకలలు, ఉలికిపాటు, ఆ దారిన వెళ్ళలేకపోవడం తగ్గకపోతే అప్పుడు వైద్యులకి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ 14416 ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో చేయొచ్చా? మావాళ్ళు సగంమంది సూరత్‌లో మగ్గాల పనికి వెళ్ళి ఉన్నారు. – అదే జిల్లా నుంచి

జవాబు: తేదీ, టైము గుర్తు చేయడానికి వాడండి, కష్టాలు చెప్పుకోవడానికి వద్దు. ఫోను ఇంట్లో నలుగురి చేతుల్లో తిరుగుతుంది, స్క్రీన్‌షాట్‌కి హద్దు లేదు. వీడియో కాల్ పెడితే ఆరుగురికి మించకుండా, ప్రతి ఒక్కరూ ఒంటరిగా ఉన్నారో లేదో మొదట్లోనే అడిగి మొదలుపెట్టండి. పదిమంది పడుకునే గదిలో ఉండేవాడు మేడ మీదికో రోడ్డు మీదికో వెళ్ళాలి.

ప్రశ్న: తాగుడు మానాలనుకునేవాళ్ళతో పెట్టిన మా గ్రూపుకి పన్నెండు వారాలు అయిపోవస్తున్నాయి. ఇంకో నెల పొడిగించమంటున్నారు. – రాయగడ

జవాబు: పొడిగించకండి. ముగింపు దగ్గరపడగానే కొందరు రావడం తగ్గిస్తారు, ఒకరిద్దరు మళ్ళీ తాగి వస్తారు. విడిపోవడం బాధగా ఉందని చెప్పలేక అలా చేస్తారు. తొమ్మిదో వారం నుంచే ‘ఇంకా మూడుసార్లు’ అని గుర్తు చేస్తూ రండి. పదకొండో వారం ప్రతి ఒక్కరూ మూడు విషయాలు కాగితం మీద రాయాలి, రాయలేనివాళ్ళకి పక్కవాళ్ళు రాసిపెడతారు: నన్ను తాగుడు వైపు లాగే చోట్లూ మనుషులూ, ఆ గంటలో నేను చేసే పని, ఫోను చేయాల్సిన ఇద్దరి పేర్లు. జాతర, పెళ్ళి, జీతం రోజు ఆ జాబితాలో తప్పక ఉండాలి. పన్నెండో వారం కొత్త సమస్య ఏదీ తెరవనివ్వకండి. ఎవరైనా చివరి అరగంటలో పెద్ద విషయం ఎత్తితే విడిగా కలుద్దామని తేదీ ఇవ్వండి. తర్వాత నెలకి, మూడు నెలలకి, ఆరు నెలలకి ఒక్కోసారి అందరూ కలిసేలా తేదీలు ఆ రోజే వేసేయండి. దసరా, సంక్రాంతి వారాలు తప్పించి వేయండి, ఆ రోజుల్లో ఎవరూ రారు.